పలకరింపుకి ఎవరూ రాని ఇల్లు

కరోనా రోజుల్లో మనుషులు ఎలా బతికారో వాళ్ళ నోటితోనే చెప్పించి రికార్డు చెయ్యమని ఒక సంస్థవాళ్ళు అడిగారు. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పడం అయిపోయి ఖాళీగానే ఉన్నాను కదా అని ఒప్పుకున్నాను. పాలకొల్లు దాటి కాలవ వెంబడి లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్ళో, ఒక వీధి నా వంతుకి వచ్చింది. నా ఫోనే రికార్డరు.

రెండో పూటకే నాకు ఒళ్ళు మండింది. ఏ ఇంటికెళ్ళినా ఒకటే పాట. "మా వీధంతా ఒక్క కుటుంబంలా ఉన్నామండి. లాక్‌డౌన్‌లో ఇంటింటికీ కూరగాయలు అందించుకున్నామండి. ఎవరికీ లోటు రానివ్వలేదండి." భయపడ్డారా అంటే నవ్వేస్తారు. ఎవరైనా పోయారా అంటే టీ తాగమంటారు. ఎవరో కూర్చోబెట్టి వల్లె వేయించినట్టు మాట మాటా అదే. ఏళ్ళ తరబడి పరీక్ష పేపర్లు దిద్దినదాన్ని, కాపీ కొట్టిన జవాబు నాకు తెలియదా?

ఆ వీధిలో నన్ను ఎవరూ తీసుకెళ్ళని ఇల్లు ఒకటుంది. ఆ ఇంటావిడ సంగతి అడిగితే ఎదురింటావిడ గొంతు తగ్గించి, "ఆవిడ ఎవరితోనూ కలవదండి. ఆయన పోయేక మనిషి అదోలా అయిపోయింది" అంది. ఎలా పోయాడని అడిగాను. "అదేనండి, అప్పుడే" అని పొయ్యి మీద ఏదో ఉన్నట్టు లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు నేనే వెళ్ళాను. నలభై దాటిన మనిషి, మిషను ముందు కూర్చుని జాకెట్టు కుడుతోంది. ఆ వీధి ఆడవాళ్ళందరి జాకెట్లూ ఆవిడే కుడుతుందని తర్వాత తెలిసింది. గుడ్డా కొలత జాకెట్టూ పిల్లల చేతికిచ్చి పంపుతారు. గుమ్మం మాత్రం తొక్కరు. వచ్చిన పని చెప్పి ఫోను బల్ల మీద పెట్టాను. ఆవిడ దాని వంక చూసి, నా వంక చూసింది.

"మీరు పలకరింపుకొచ్చేరా, రికార్డింగుకొచ్చేరా?"

మన వైపు ఒక మనిషి పోతే ఊళ్ళోవాళ్ళూ చుట్టాలూ ఒక్కొక్కరే వచ్చి పక్కన కూర్చుంటారు. వచ్చిన ప్రతివాళ్ళకీ ఎలా పోయాడో మొదటినుంచీ చెప్పాలి. పొద్దున్న ఏం తిన్నాడు, ఆఖరున ఏం మాట్లాడాడు, ఎవరు మోశారు. ఇంకొకరు రాగానే మళ్ళీ మొదటికి. "అవునమ్మా, నేనూ చూశాను" అని పక్కింటావిడ మధ్యలో అందిస్తూ ఉంటుంది. చెప్పి చెప్పి, ఏడ్చి ఏడ్చి, దినకార్యం నాటికి ఆ మాట నోటికి అలవాటు పడుతుంది. అప్పుడు గానీ మనిషి నాలుగు ముద్దలు మింగలేదు. ఈవిడ దగ్గరికి ఒక్కరూ రాలేదు. చుట్టాలు ఫోన్లు చేసి, ధైర్యంగా ఉండమని చెప్పి పెట్టేశారు. ఇన్నేళ్ళలో ఆవిడ ఆ సంగతి మొదటినుంచీ ఎవరికీ చెప్పలేదు.

"పలకరింపుకే అనుకోండి" అని ఫోను తీసి బ్యాగులో పెట్టబోయాను.

"వద్దండి, ఉంచండి. కానీ ఇక్కడ చెప్పను. అరుగు మీద కూర్చుని చెప్తాను. వీధిలో వాళ్ళకి వినపడాలి."

అరుగు మీద చాప వేసింది. గొంతు ఏమాత్రం తగ్గించకుండా మొదలుపెట్టింది.

వాళ్ళాయనకి ట్రాలీ ఆటో ఉండేది. మొదటిసారి లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఆ వీధిలో ఎవరూ గడప దాటలేదు. తెల్లారకుండా పాలకొల్లు మార్కెట్టుకి వెళ్ళి వంకాయలు, బెండకాయలు, ఉల్లిపాయలు తెచ్చి, ఇంటింటి ముందూ సంచీ పెట్టి వెళ్ళింది ఆయన. వీధంతా నాకు చెప్పుకుని మురిసిపోయిన కూరగాయలు అవే. ఆ మాట వినగానే అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంతమంది చెప్పారు, ఒక్కరి నోటినుంచీ ఆయన ఊసు రాలేదు.

మరుసటి ఏడాది ఆయనకే వచ్చింది. రాజమండ్రి ఆసుపత్రిలో చేర్చారు. అక్కడే పోయాడు. శవాన్ని అంబులెన్సులో పెట్టించుకుని ఊరికి తీసుకొచ్చింది. ఊరి మొదట్లో దారికి అడ్డంగా ముళ్ళకంప వేసి ఉంది.

"కంప అవతల ఎవరెవరు నిలబడ్డారో చెప్తానండి" అని ఎదురింటి వైపు చూస్తూ ఒక్కొక్క పేరే చెప్పింది. "ఇక్కడికి తేవద్దమ్మా, పిల్లలున్నారన్నారండి. ఆ పిల్లలకి పాల పాకెట్లు తెచ్చిచ్చింది ఈయనేనండి. ఒక్కసారి ఇంటి ముందు ఆపి, గుమ్మం చూపించి తీసుకెళ్ళిపోతానని బతిమాలేను. ఒప్పుకోలేదండి. డ్రైవరు బండి తిప్పేసేడు. ముక్కూ మొహం తెలీనోళ్ళు తగలెట్టేరండి మా ఆయన్ని."

పేరు పలికినప్పుడల్లా ఎక్కడో ఒక తలుపు పడేది. ఎదురింట్లో టీవీ సౌండు పెరిగింది. ఆవిడ గొంతు ఇంకాస్త పెంచింది. నాకు లేచి వెళ్ళి ఆ తలుపులు దబదబా బాదాలనిపించింది. ఇప్పుడైనా వచ్చి ఆవిడ పక్కన కూర్చోండి, సిగ్గులేదా మీకు అని అరవాలనిపించింది. చాప మీద చాలా చోటుంది. ఎవరూ రాలేదు.

చివర్న ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "నాకింకేం అక్కర్లేదండి. ఇది అందరూ వినాలి. అంతే."

రికార్డింగు పంపాక వారం తిరక్కుండా సంస్థనుంచి ఒకమ్మాయి ఫోను చేసింది.

"చాలా టచింగ్‌గా ఉంది మేడమ్. కూరగాయలు తెచ్చిన పార్ట్ సూపర్, అది పెట్టుకుంటాం. తర్వాతది మాత్రం తీసేద్దాం. ఊరివాళ్ళు ఫీలవుతారు. పైగా మన థీమ్ ఆశ కదా."

"ఏంటమ్మా మీ ఆశ?" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "కూరగాయలు తీసుకుని మనిషిని ఊరి బయటే ఆపేస్తారా? ఆ వీధివాళ్ళు చేసిందీ అదే కదా! ఇప్పుడు మీరూ కంప వేస్తున్నారు."

"మేడమ్, మీరు పర్సనల్‌గా తీసుకుంటున్నారు."

తీసుకుంటాను. మనుషులు చచ్చిపోయిన సంగతి పర్సనల్‌గా కాక ఇంకెలా తీసుకుంటారు? జరిగింది జరిగినట్టు చెప్పించుకు రమ్మని పంపింది వాళ్ళే. తీరా చెబితే వాళ్ళకి చేదుగా ఉంది. అంత తియ్యటి కబుర్లే కావాలనుకుంటే ఊళ్ళ మీదికి మమ్మల్ని పంపడం ఎందుకు, ఆఫీసులో కూర్చుని వాళ్ళే రాసుకోవచ్చుగా!

ఆవిడకి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. అవతల మిషను చప్పుడు ఆగింది.

"అయితే మొదటిది కూడా ఇవ్వకండి. ఆయన తెచ్చింది ఇంక ఎవరికీ పెట్టను" అంది.

ఆ మాటే సంస్థకి చెప్పాను. వాళ్ళు బతిమాలను కూడా లేదు. ఆవిణ్ణి వదిలేసి మిగతా ఇళ్ళవాళ్ళవి ఇంటర్నెట్‌లో పెట్టేసుకున్నారు. కావలసినవాళ్ళు వినొచ్చు.

అందుకే నేనిది రాస్తున్నాను. రాసేముందు ఆవిడ ఇంటికి వెళ్ళి అడిగాను. మొత్తం రాస్తాను గానీ ఎవరి పేరూ పెట్టను, మీదీ ఆయనదీ కూడా పెట్టను, ఫర్వాలేదా అని.

"రాయండి. పేర్లెందుకండీ? చదివితే ఎవరిది వాళ్ళకి తెలుస్తుంది" అంది.