కొంగుముడిలో బీడీ

సికింద్రాబాద్‌లోని ఆ మానసిక ఆసుపత్రిలో, మగవాళ్ల వార్డుకు పీరాంబీ ఇరవై రెండేళ్లుగా ఆయా; రోగులందరికీ ఖాలా, అంటే పిన్నమ్మ. మాత్ర మింగి, నోరు తెరిచి చూపించినవాడికి కొంగుముడి విప్పి ఒక బీడీ ఇవ్వడం ఆమె పద్ధతి. ఎవరేమన్నా, ఆ బీడీకట్టే ఆమె లాఠీ.

సోమవారం నుంచి వార్డులో పొగ బంద్ అయింది. బీడీకి బదులు, ఆ అలవాటు మాన్పించే నికోటిన్ పట్టీ భుజానికి అంటించమంది డాక్టరమ్మ.

పీరాంబీ చెయ్యి నుదుటి మీదికి పోయింది. చెవిలో ఏవో గొంతులు వినిపించే హుజైఫా, ఒకసారి బీడీ ఆలస్యమైందని స్టూలు విసిరాడు. ఆ మచ్చ ఆమె నుదుటి మీద ఇంకా ఉంది.

ఆమే అతని భుజానికి పట్టీ అంటించింది. అతను మాత్ర మింగాడు, నోరు తెరిచి చూపించాడు, ఎప్పట్లాగే చెయ్యి చాపాడు.

ఆమె చెయ్యి కూడా ఎప్పట్లాగే కొంగుముడి విప్పేసింది. నిన్న మిగిలిన బీడీ బయటపడింది.

హుజైఫా కళ్లు దాని మీదే నిలిచాయి. పీరాంబీ గోడకు అంటుకుపోయి, కళ్లు మూసుకుంది. స్టూలు ఎగిరిరాలేదు. కళ్లు తెరిస్తే, అతను పట్టీని అరచేత్తో గట్టిగా అదుముకుని ఉన్నాడు.

"నాకైతే ఏసినవు. మరి నీకు ఎవరూ ఎయ్యలేదా ఖాలా, పట్టీ?"