వాయిదా అడిగిన ప్లీడరుగారు

ప్లీడరుగారు కోర్టు మెట్లెక్కే ముందు కారులోనే రెండు గుక్కలు వేసుకుని, పిప్పరమెంటు నములుతూ, వణికే చేతిని నల్లగౌనులో దాచుకునేవారు. వాదన వరదలా సాగేది గనక అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆ రోజు బిడ్డను దక్కించుకోవాలని వచ్చిన ఒక తల్లి తరఫున లేచి, మత్తులో ఆమె భర్త పక్షమే వాదించసాగారు. ఆమె నివ్వెరపోయి చూసేసరికి ఆయన వాదన ఆపి జడ్జి వైపు తిరిగారు.

“అయ్యా, నేను తాగొచ్చాను. రోజూ తాగే వస్తున్నాను. నా తప్పుకి ఈ తల్లి నష్టపోకూడదు, వాయిదా ఇప్పించండి.”

జడ్జి కళ్ళద్దాలు తీశారు. “ఇచ్చాను. అంతవరకూ బిడ్డ తల్లి దగ్గరే ఉంటుంది. మీరు ఆసుపత్రికి వెళ్ళండి.”

బయటికొచ్చి భార్యకు ఫోన్ చేశారు. “అందరి ముందూ చెప్పేశానే.”

“హమ్మయ్య! ఇక మీకు జ్వరమని అందరికీ అబద్ధాలు చెప్పక్కర్లేదు. అక్కడే కూర్చోండి, వస్తున్నా.”