కాగితం మీద గర్భసంచి

మా పేటలో పిల్ల పెద్దమనిషయితే మొదటి కబురు మేనమామకు వెళ్తుంది, రెండోది నాకు. నేను జాకెట్లు కుడతాను. పెద్దవాళ్లయితే కొలతకు ఆది జాకెట్టు పంపిస్తారు. మొదటిసారి వోణీ వేసుకునే పిల్లకు ఆది ఉండదు. పెద్దమనిషయ్యాక పదకొండు రోజులు గడప దాటనివ్వరు కనక టేపు తీసుకుని నేనే వెళ్లాలి.

ఆ రోజు వెళ్లేసరికి ఎనిమిదో తరగతి చదివే పిల్ల మూలన చాప మీద కూర్చుని ఉంది. వాళ్ల అవ్వ నువ్వులు, బెల్లం దంచుతోంది.

"దాన్ని ముట్టుకుంటే తలకి పోసుకోవాలమే. దూరంగా నిలబడి కొలు," అంది అవ్వ.

"పోసుకుంటాలే అవ్వా. దూరం నుంచి కొలిస్తే ఆ జాకెట్టు నీకు సరిపోతాది."

చెయ్యి కొలుస్తూ, బడికి ఎప్పట్నుంచి వెళ్తావని పిల్లనడిగాను. "నేనింక పోనక్కా," అంది. నేను వాళ్లమ్మ వైపు చూశాను.

"నన్ను చూస్తావేందక్కా? మేం పొమ్మనే అంటుండాం. అదే మొండికేసింది. ఎందుకో చెప్పదు," అంది పొయ్యి దగ్గరనుంచి.

పిల్ల నా చెవి దగ్గరకు వంగింది. "బడికి పోయే ఆటోలో మగపిల్లోళ్లు కూడా ఇరుక్కోని కూర్చుంటారక్కా. ఇంక మగపిల్లోడు తగిలితే కడుపొస్తాదంట. అవ్వ చెప్పింది."

అవ్వ కావాలని అబద్ధం చెప్పలేదు. నాకూ ఆ వయసులో అదే చెప్పారు. పదో తరగతి తప్పి బడి మానేశాక, వాకాడు గ్రంథాలయంలో బీరువా అడుగు అరలో శరీరం గురించిన పుస్తకం దొరికేదాకా నేనూ నమ్మాను. ఆ పుస్తకం మూడుసార్లు చదివాను. తెలియని మాటలకు నిఘంటువులో అర్థాలు వెతికి నోటుబుక్కులో రాసుకున్నాను. అది ఇప్పటికీ నా మిషను సొరుగులో ఉంది. నేను డాక్టరును కాను. కానీ ఈ పిల్లకున్న భయానికి జవాబు నాకు తెలుసు. అది చెప్పకుండా టేపు చుట్టుకుని వచ్చేస్తే ఈ పిల్ల చదువు ఆ చాప మీదే ఆగిపోతుంది.

కత్తిరింపుకని తెచ్చుకున్న పాత పేపరు పరిచి, నీలం సుద్దతో గర్భసంచినీ, దాన్లోకి వెళ్లే దారినీ గీశాను. పిడికిలంత ఉంటుందన్నాను. నెలనెలా లోపల ఒక మెత్తటి పొర తయారవుతుందనీ, బిడ్డ లేనప్పుడు అదే రక్తంతో బయటకు వస్తుందనీ, అది మైల కాదనీ చెప్పాను. బిడ్డ కలగాలంటే మగవాళ్ల బీజం ఈ దారిలో లోపలికి చేరాలి. పక్కన కూర్చుంటే, చెయ్యి తగిలితే, ఒకే సీసాలో నీళ్లు తాగితే చేరదన్నాను.

రోకలి ఆగింది. "సిగ్గులేదామే నీకు? చంటిబిడ్డకి చెప్పే మాటలా ఇవి?"

"చంటిబిడ్డయితే వోణీ ఎందుకు వేస్తుండావవ్వా?"

వాళ్లమ్మ నవ్వు ఆపుకోలేక గరిటె పక్కన పెట్టి దగ్గరకు వచ్చి కూర్చుంది. పిల్ల మాత్రం నవ్వలేదు. బొమ్మనే చూస్తూ, "కావాలని తగిలితేనో?" అంది.

"దానికీ కడుపు రాదు. కానీ అది వాడి తప్పు. చెయ్యి తియ్యరా అని గట్టిగా అను. అమ్మకి చెప్పు, టీచరుకి చెప్పు. దానికోసం నువ్వెందుకు బడి మానాల?"

"ఎవుడన్నా ఉండాడా?" అంది వాళ్లమ్మ. నవ్వు ఆపి పిల్ల వైపు తిరిగింది.

"ఒకడు. మోకాలితో నొక్కతాడు."

బడి మానడానికి కారణం అవ్వ మాట ఒక్కటే కాదని అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రమే వాళ్లమ్మ ఆటో అతని ఇంటికీ, ఆ పిల్లవాడి ఇంటికీ వెళ్లింది. జనం ఏమంటారోనని ఆగలేదు.

పదకొండో రోజు నీళ్లు పోసిన తర్వాతి సోమవారం పిల్ల ఆటో ఎక్కింది. నేను మా వాకిట్లోనే ఉన్నాను. ఆ పిల్లవాణ్ణి ముందు డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు. ఈ పిల్ల వెనక మిగతా పిల్లల మధ్య సర్దుకుంటూ, "జరగరా, నా సంచి నలిగిపోతుండాది," అని ఒకణ్ణి అరిచింది. ఆ అరుపుకు నాకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు అవ్వ మా ఇంటికొచ్చి మిషను పక్కన కూలబడింది.

"ఆ కాగితం ఉందామే?"

"దాంతోనే జాకెట్టు కత్తిరించినానవ్వా."

"అయితే మళ్లా గియ్యి. అయిదుగురు బిడ్డల్ని కన్నాను. ఆ సంచి యాడ ఉంటాదో నాకెవురూ చెప్పలా."

కుడుతున్న జాకెట్టు పక్కన పెట్టి, కొత్త పేపరు పరిచాను.