వెల్లకిలా కట్టిన పడవలు

మా ఇంట్లో గిన్నెలు తోమాక బోర్లించరు, గోడకి ఆనించి ఆరబెడతారు. తాతయ్య సముద్రం మీద చేపల వేటకి వెళ్ళి తిరిగి రానప్పుడు ఆయన పడవ ఒక్కటే బోర్లాపడి ఒడ్డుకి కొట్టుకొచ్చిందట. అప్పటినుంచి అమ్మ కంటికి ఏదీ బోర్లా కనబడకూడదు.

అన్నయ్య గుజరాత్‌లో చేపల బోట్ల మీద పనిచేసేవాడు. పోయినేడు ఇంటికి వచ్చి, ఇంక వెళ్ళనన్నాడు. మూతపడిన ఒక రిసార్టు నుంచి రెండు కయాకులు తెచ్చాడు. ఒక్క మనిషి కాళ్ళు చాపుకుని కూర్చుని తెడ్డు వేసుకునే సన్నని ప్లాస్టిక్ పడవలవి. గజపతినగరం అవతల చెరువుగట్టున తోట ఉన్న ఒకాయన, ఆదివారాలు పడవలు తెస్తే తన దగ్గరికొచ్చేవాళ్ళని ఎక్కిస్తానన్నాడు. మొదటి ఆదివారం బాగా జరిగితే సీజనంతా పని. లేకపోతే మళ్ళీ గుజరాతే. ఆ మాట అన్నయ్య పైకి అనలేదు గాని, ఇంట్లో అందరికీ తెలుసు.

పడవల్ని మోసుకెళ్ళడానికి మా పాత వ్యాను మీద స్టాండు కావాలి. గేట్లు, గ్రిల్స్ చేసే మావయ్య వెల్డింగ్ షాపుకి వెళ్ళాం. వ్యాను కప్పు అంచున వాననీరు జారే రేకు గాడి ఉంటుంది. దాన్ని పట్టుకునేలా క్లాంపులు, వాటి మీద రెండు అడ్డపైపులు. నేను టేపు పట్టుకున్నాను. కయాకుల్ని బోర్లా కట్టాలని ఫోనులో చదివింది మెల్లగా చెప్పాను.

అన్నం క్యారేజీ తెచ్చిన అమ్మ అక్కడే ఆగిపోయింది. "ఏటే? బోర్లానా?"

"అలాగైతే వాననీరు నిలవదమ్మా," అన్నాడు అన్నయ్య.

"వానకి బయపడి సావుని నెత్తినెట్టుకుని ఊరేగుతావేట్రా?"

మావయ్య నవ్వాడు. "ఒరే అల్లుడూ, మీ యమ్మతో నీకెందుకురా? ఎల్లకిలా కట్టుకో. ఉయ్యాల్లాగ సేసిస్తాను, పడుకోబెట్టి జోకొట్టుకుంటూ తీసికెల్దువు గాని."

అన్నయ్య వాదించలేదు. గుజరాత్‌కి వెళ్ళిన ప్రతిసారీ అమ్మ మాట కాదనే వెళ్ళాడు. ఈసారైనా విందామనుకున్నట్టున్నాడు. మావయ్య ఇనప పట్టీలని ఒంచి పడవ అడుగు కూర్చునేలా నాలుగు ఊయలలు చేశాడు. సైకిలు ట్యూబులు చుట్టి, ఏదో గేటుకి వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు వేశాడు. చాలా అందంగా వచ్చింది.

ఆదివారం నేనూ వెళ్ళాను. వచ్చినవాళ్ళకి లైఫ్ జాకెట్లు తొడగడం నా పని. కొత్తవాళ్ళతో ఏం మాట్లాడాలో తెలియక, వెనక సీట్లో పుస్తకం తెరిచి ఒకే పేజీ చూస్తూ కూర్చున్నాను. విజయనగరం దాటాక వాన పట్టుకుంది. పడవల మీద కప్పిన టార్పాలిన్ పట్టా గాలికి చిరిగిపోయింది. అన్నయ్య ఒకసారి వ్యాను ఆపి, పడవల్లో నిండిన నీళ్ళు మగ్గుతో తోడాడు. ఈలోగా తోటాయన ఫోను: "ఏడున్నావయ్యా? జనం వచ్చీసారు." మళ్ళీ ఆపలేదు.

గజపతినగరం దగ్గర ముందున్న బస్సు ఆగింది. అన్నయ్య బ్రేకు వేశాడు. పడవల్లోని నీళ్ళన్నీ ఒక్కసారిగా ముందుకొచ్చాయి. పైన రేకు చిరిగిన చప్పుడైంది. ఆకుపచ్చ స్టాండు, రెండు పడవలూ మా అద్దం మీదుగా జారి రోడ్డు మీద పడ్డాయి. ఒకటి నిలువునా చీలింది. రెండోదాని ముక్కు బస్సుకి తగిలి నలిగింది.

కండక్టరు దిగి చూశాడు. "నీల్లలో పడవుండాల గాని, పడవలో నీల్లేటి బాబూ!"

బస్సులో జనం నవ్వారు. అన్నయ్య కూడా నవ్వాడు. ఇంక వెళ్ళిపోతాడని నాకు అప్పుడే తెలిసింది.

తోటాయన ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. "నా వెల్డింగు మాత్రం ఊడనేదురా," అని మావయ్య చాలాసార్లు అన్నాడు. నిజమే, ఊడలేదు. చిరిగింది వ్యాను కప్పే. అన్నయ్య ఊళ్ళో కుర్రాళ్ళతో కలిసి గుజరాత్ రైలెక్కాడు.

ముక్కు నలిగిన పడవ మా పెరట్లోనే ఉంది. వాన పడితే నిండుతుంది, దోమలు చేరతాయి. పొద్దున్నే అమ్మ మగ్గుతో నీళ్ళు తోడి పోస్తుంది.

"బోర్లించేస్తే పోదా అమ్మా?" అన్నాను ఒకరోజు.

"ఆడు సంద్రం మీదున్నాడే," అంది అమ్మ, తోడడం ఆపకుండా.

నేను ఇంకో మగ్గు తెచ్చుకుని అవతలి వైపు కూర్చున్నాను. పని సగంలో ఉండగానే మళ్ళీ చినుకులు మొదలయ్యాయి.