మామిడి చెక్క గిన్నెల రాకపోకలు

మా వీధిలో నిప్పట్లు, అంటే పప్పుచెక్కలు, ఎవరికీ సరిగ్గా చేతకావు. నిప్పట్టు విరిస్తే పక్కగదిలో ఉన్నవాళ్లకు వినపడాలి. మా వీధివి విరగవు, సాగుతాయి. ఎదురింటివాళ్లకు కారం వెయ్యాలంటే భయం. మూలింటివాళ్లు శనగపప్పు బదులు శనగపప్పు జ్ఞాపకం వేస్తారు. పక్కింటివాళ్ల నిప్పట్ల గురించి, వాళ్లు పక్కనే ఉంటారు కనుక, ఏమీ రాయను.

ఇన్ని ఇళ్ల నిప్పట్లు నేనెందుకు తినాల్సి వచ్చిందంటే, కారణం మా కారు షెడ్డులో ఉన్న లేత్ మిషను.

చిత్తూరులో ఎకనామిక్స్ పాఠాలు చెప్పి రిటైరయ్యాక, ఏదైనా వ్యాపకం పెట్టుకోమన్నాడు డాక్టరు. ఆయన మనసులో ఉన్నది బహుశా నడక. నేను కోయంబత్తూరు నుంచి చెక్క గిన్నెలు చేసే లేత్ తెప్పించాను. అది లారీలోంచి దిగిన రోజు మా కారు షెడ్డులోంచి బయటికి వెళ్లింది. అప్పట్నుంచీ ఎండలోనే ఉంది.

చెక్కకు కొదవ లేదు. బంగారుపాళ్యంలో మా బావమరిదికి మామిడితోట ఉంది. కాపు తగ్గిన ముసలిచెట్లను కొట్టించి ఇటుక బట్టీలకు పంపుతుంటాడు. వాటిలో మంచి దుంగలు నాకు దక్కేవి. దుంగను మిషనుకు బిగించి, అది గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనించడమే పని. మొదట్లో ఉలి ఆనగానే దుంగ ఊడి గోడ మీదికి వెళ్లేది. ఒకసారి నా మీదికీ వచ్చింది. తరువాత మా ఇద్దరికీ ఒక అవగాహన కుదిరింది. చెక్కపొట్టు రిబ్బన్లలా లేచి చొక్కా జేబులోకి, కళ్లద్దాల వెనక్కి, ఆ పూట సాంబారులోకి చేరేది. చివరికి అడుగున చిల్లు లేని గిన్నె ఒకటి తయారైంది. లేత తేనెరంగు, దాని మీద ఒక నల్లటి చార. నూనె, తేనెమైనం పట్టించి మా ఆవిడ చేతిలో పెట్టాను.

"ఏంది ఇది?"

"గిన్నె."

"దీంట్లో ఏం పోసేది?"

"ఏం పోయకూడదు. ఊరికే సూసేదానికి."

ఆవిడ దాన్ని బోర్లించి, మళ్లీ తిప్పి చూసింది. "ఏం పోయకుండా ఉండేదానికి లోపల తొలిచేదెందుకండీ? దుంగనే పెట్టుకోని సూడొచ్చు కదా!"

నేను మళ్లీ షెడ్డులోకి వెళ్లాను. కొద్దికాలానికి టీవీ పక్కన, ఫ్రిజ్ మీద, బీరువాలో పుస్తకాలను వెనక్కి నెట్టి, గిన్నెలు కొలువుదీరాయి. ఒకరోజు ఒకదాంట్లో ఎర్రగడ్డలు, అంటే ఉల్లిపాయలు, కనిపిస్తే అభ్యంతరం చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"సూడండి," అంది మా ఆవిడ. "మన వీధిలో ఒక్క ఇంట్లో, ఒక్కరంటే ఒక్కరు మీ గిన్నె పెట్టుకుంటే ఈ మిషను ఉంటాది. లేదంటే మా తమ్ముడు టెంపో తెచ్చి తోటకాడికి ఏసుకోని పోతాడు. కారు నీడకొస్తాది."

షరతు న్యాయమైనదే. ఏళ్ల తరబడి పిల్లలకు గిరాకీ సూత్రాలు చెప్పినవాణ్ణి, నా సరుకుకు ఒక్క ఇంట్లో గిరాకీ పుట్టించలేనా అనుకున్నాను.

ఎదురింటికి బయలుదేరుతుంటే మా ఆవిడ ఆపింది. శుక్రవారం పూట ఒకరింటికి ఖాళీ గిన్నె తీసుకుపోతారా అని అందులో మామిడిపండ్లు వేసింది. కథ అక్కడే దారి తప్పింది. ఎదురింటావిడ పండ్లు చూసి సంతోషించింది. గిన్నె కూడా మీకేనన్నాను. నవ్వింది. మరుసటి రోజు గిన్నె మా ఇంటికి వచ్చేసింది. స్టీలు పీచుతో తోమి, మైనమంతా వదలగొట్టి, నిండా నిప్పట్లు పోసి తెచ్చింది.

ఒకరి గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదన్నది మా వైపు ఎవరూ నేర్పకుండానే అందరికీ వచ్చే చట్టం. అసలు తిప్పి పంపకపోవడమన్నది ఆ చట్టంలో లేదు.

"గిన్నె కూడా మీకే ఇచ్చినామమ్మా," అన్నాను.

"ఊరుకోండి సార్! తినేది ఇస్తే తీసుకుంటాం గానీ, గిన్నెలు గూడా పెట్టుకుంటామా? నలుగురూ ఏమనుకుంటారు?"

బతిమాలాను. బతిమాలేకొద్దీ నా మర్యాద ఆమెకు మరింత నచ్చింది. గిన్నె మాత్రం తీసుకోలేదు.

మూలింటికి రంగుకాగితం చుట్టి ఇచ్చాను. కాగితంతో సహా వచ్చింది, నిప్పట్ల కింద మడత నలగకుండా పరిచి. ఒక గృహప్రవేశానికి బహుమతిగా పట్టుకెళ్లాను. భోజనాలయ్యాక ఇంటి యజమాని అందులో టెంకాయ, తమలపాకులు, వక్కలు పెట్టుకుని గేటుదాకా పరిగెత్తుకొచ్చాడు. "సార్, సార్! మీ గిన్నె మర్చిపోయి పోతాండారు!"

ఈలోగా వ్యవహారం ముదిరింది. నిప్పట్లు వచ్చాయి కాబట్టి మేమూ ఏదో ఒకటి పంపాలి. పంపేది నా గిన్నెల్లోనే. గిన్నె చెయ్యడం నా వంతు, నింపడం మా ఆవిడ వంతు. సార్ వాళ్లది పెట్టే చెయ్యి అని వీధిలో మాకు పేరొచ్చింది. ఆ పెట్టే చెయ్యి గలావిడ వంటగదిలోంచి నన్ను చూసే చూపు వేరుగా ఉండేది.

చివరికి, వీధి చివర బ్లౌజులు కుట్టే ఆమెకు నా గిన్నెలన్నిటిలోకీ బాగా కుదిరినదాన్ని ఇచ్చాను. అంచు అప్పడమంత పలచన. మా ఆవిడ నిట్టూర్చి అందులో కజ్జికాయలు పెట్టింది.

మరునాడు గిన్నె రాలేదు. వారం గడిచింది, రాలేదు.

"ఆ గిన్నె రాలేదే?" అంది మా ఆవిడ.

"రాదు," అన్నాను. అంత చిన్న మాటను అంత నిదానంగా నేనెప్పుడూ పలకలేదు.

సాయంత్రం నడక మొదలుపెట్టాను, ఆమె ఇంటి మీదుగా. నన్ను చూడగానే ఆమె కుట్టుమిషను వదిలేసి లోపలికి వెళ్లిపోయేది. అందమైన వస్తువు దగ్గరుంచుకున్నవాళ్లకు కొంత బిడియం సహజమేననుకున్నాను. మా ఆవిడ మాట తప్పే మనిషి కాదు. తమ్ముడికి ఫోన్ చేసింది. "టెంపో వద్దులేరా. ఎవరో పెట్టుకున్నారంట. ఆయమ్మకేం కష్టమొచ్చిందో." నేను కొత్త ఉలి తెప్పించుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున ఆమె మా ఇంటికి వచ్చింది. కొంగు కింద ఏదో దాచుకుని గడప బయటే నిలబడింది.

"అక్కా, సార్‌కి మొగం సూపించలేక ఇన్ని దినాలు రాలేదు," అంది మా ఆవిడతో. "మీ గిన్నె నా కాడ పగిలిపోయింది."

"ఎట్ల పగిలింది?" అన్నాను.

"ఉత్త గిన్నె ఎట్ల పంపేది సార్? పాయసం చేసి పోసినా. ఉడుకుడుకుది. టప్పుమని నెర్రెబాసింది. పాయసమంతా బండల మీదికొచ్చింది. అట్లాంటిదే ఇంగొకటి యాడన్నా దొరుకుతాదేమోనని అంగళ్లన్నీ తిరిగినా. అడిగితే నవ్వినారు."

కొంగు తీసింది. మూతతో సహా పెద్ద స్టీలు గిన్నె. మూత మీద మా ఆవిడ పేరు చుక్కలు చుక్కలుగా మెరుస్తోంది.

"అక్క పేరు గూడా కొట్టించినా," అంది.

"అది నీకే ఇచ్చింది కదమ్మా! దానికి బదులెందుకు?"

"మీరు పెద్దమనసుతో అంటారు సార్. మాకుండొద్దా?"

మా ఆవిడ గిన్నెను రెండు చేతులా అందుకుంది. మూత తీసింది. పాయసం, ఇంకా పొగలు కక్కుతూ. మూత పెట్టి, అంచు మీద వేలితో కొట్టి, ఖంగుమన్న మోత ఆగేదాకా విన్నది. టీవీ పక్కన ఉన్న నా గిన్నెను జరిపి దాన్ని అక్కడ పెట్టింది. ఫోన్ తీసి తమ్ముడి నంబరు వెతకసాగింది.

కుట్టుపనామె నా మొహం చూసింది. పగిలినదాని గురించే బాధపడుతున్నాననుకుంది కాబోలు, ఓదార్పుగా అంది:

"మీది గూడా సూసేదానికి బాగనే ఉండె సార్, లేదనను. కానీ గిన్నె అంటే ఇదీ."