చిన్న బోల్టులు ముట్టుకోవద్దన్నాను

మా ఆయన పోయి కర్మకాండ కూడా పూర్తి కాకముందే, కారెప్పుడు అమ్ముతావని ఇంటికి వచ్చినవాళ్ళు అడగడం మొదలుపెట్టారు. ఆయన గురించి అడిగినవాళ్ళు తక్కువ, కారు గురించి అడిగినవాళ్ళు ఎక్కువ. అమ్మనని చెప్పాను. ఆడదానికి కారెందుకని ఎవరో గొణిగితే విననట్టే ఊరుకున్నాను.

కారు పాతదే. దాని చక్రాలు మాత్రం మా ఆయన ఎక్కడెక్కడో వెతికి తెచ్చుకున్నవి. ఆయన మేడ్చల్‌లో ఒక లేత్ షాపులో పనిచేసేవాడు. ఇనుమన్నా, అల్యూమినియమన్నా ప్రాణం. మామూలు కారు చక్రం ఒకే ముక్కగా పోతపోసి ఉంటుంది. ఇవి అలా కాదు. బయటికి కనిపించే మెరిసే అంచు ఒక ముక్క, మధ్యలో ఊచలున్న భాగం ఒక ముక్క, లోపలివైపు డొల్ల ఇంకో ముక్క. మూడింటినీ కలిపి చుట్టూ చిన్న చిన్న బోల్టులతో బిగిస్తారు. అతుకుల్లోంచి గాలి పోకుండా సీలెంటు పూస్తారు. ఏ గుంతలోనైనా పడి అంచు వంగితే ఆ ముక్క ఒక్కటే మార్చుకోవచ్చని ఆయన మురిసిపోయేవాడు.

లాల్‌గడి మలక్‌పేట్‌లో మా ఇంటి ముందు స్టూలేసుకుని కూర్చుని, ఒకరోజు నాకు కూడా నేర్పాడు. "కారుకు చక్రాన్ని పట్టి ఉంచే పెద్ద నట్లు ఎన్నిసార్లన్న ఇప్పు, ఏం గాదు. గీ చిన్న బోల్టుల జోలికి మాత్రం పోకు. టైర్ల గాలి ఉండంగ ఇవి ఇప్పినవనుకో, ముక్కలు ఎగిరి మీదికొస్తయ్." ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నవ్వలేదు. అందుకే గుర్తుండిపోయింది.

ఆయన పోయాక చక్రాల పని నేనే చూసుకునేదాన్ని. సబ్బునీళ్ళు, మెత్తటి గుడ్డ, అంచులకు పాలిష్, అప్పుడప్పుడు గాలి చూడటం, అంతే. నేను మేడ్చల్‌లో మందుల కంపెనీలో పనికి వాళ్ళ బస్సులోనే పోయేదాన్ని కాబట్టి వారంలో చాలా రోజులు కారు ఇంటి దగ్గరే ఉండేది.

మా మరిది ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. అలియాబాద్ దగ్గర రోడ్డు మీద ఆఫీసు పెట్టాడు. రాజకీయాల మీద కూడా మనసుంది. తన బండి రిపేర్లో ఉందని, కొనేవాళ్ళకు ప్లాట్లు చూపించడానికి మా కారు కావాలని అడిగాడు. ఇంటి మనిషి కదా అని ఇచ్చాను. ఇచ్చేటప్పుడే చెప్పాను. చక్రాలను యాసిడ్‌తో కడిగించొద్దు, చిన్న బోల్టులు ఎవరినీ ముట్టుకోనివ్వొద్దు, గాలి తగ్గితే నాకు ఫోన్ చెయ్యి అని.

"చక్రాలకు గూడ పథ్యమా వదినా" అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నన్ను అడగడమే మానేశాడు. నేను డ్యూటీకి పోగానే వచ్చి, నాతోనే ఉండే మా అత్తను అడిగేవాడు. ఆమె గూట్లోంచి తాళం తీసి ఇచ్చేది. ఇదేంటత్తమ్మా అంటే, "ఇంటి మగపిలగాడు అడిగితె లేదనాల్నా" అనేది. కారు కాగితాల మీద ఉన్నది నా పేరు. ఆ ఇంట్లో దానికి విలువ లేదు.

ఒక శనివారం బస్సు దిగి వచ్చేసరికి కారు వాకిట్లో ఉంది. దగ్గరికి పోయి వంగి చూశాను. అద్దంలా ఉండే అంచులు సున్నం కొట్టినట్టు తెల్లబారాయి. ముందు చక్రం అంచు మీద యాసిడ్ తిన్న గుంతలు. అదే చక్రానికి ఒక బోల్టు లేదు. దాని పక్కన హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే మామూలు బోల్టొకటి తుప్పుతో సహా దిగ్గొట్టి ఉంది. టైరు సగం కుంగి ఉంది. అతుకు మీద సబ్బునీళ్ళు చిలకరిస్తే చుట్టూ నురగ పొంగింది.

"గీ బండ్లె ఎవరు దిరిగిండ్రు అత్తమ్మా?"

"పొద్దుగాల నన్నే కండ్ల దవాఖానకు తోల్కపోయిండు. మంచిగనే పోయినం" అంది ఆమె.

పక్కింటివాళ్ళ స్కూటీ తీసుకుని నేరుగా అలియాబాద్ ఆఫీసుకు పోయాను. లోపల ప్లాటు కొనడానికి వచ్చిన భార్యాభర్తలు కూర్చుని ఉన్నారు. మామూలుగానైతే వాళ్ళు పోయేదాకా ఆగేదాన్ని. ఆ రోజు ఆగలేదు.

"ముందు చక్రం బోల్టులు ఎవరు ఇప్పిండ్రు?" అన్నాను.

"గాలి పోతాందని పంచర్ షాపాయినకు చూపిచ్చిన. బోల్టులు లూజున్నయన్నడు, ఇప్పి మల్ల బిగిచ్చిండు. ఏమైంది ఇప్పుడు?"

"టైర్ల గాలి తీసిండా, ఇప్పే ముందల?"

"నాకేం దెలుసు వదినా. చక్రమే గద. గంతగనం లొల్లెందుకు, బయట మాట్లాడుదాం పా."

"ఈడనే మాట్లాడత. గాలి ఉండంగ ఇప్పితె ఆ షాపాయిన పానం బోయేది. గా చక్రం మీదనే మీ అమ్మను హైవే మీద తిప్పినవు. నేను చెప్పిన మాట నీకు మాట లెక్క గూడ అనిపియ్యలె. మీ అన్న చెప్పుంటె ఇనకపోదువా?"

అతను కొనడానికి వచ్చినవాళ్ళ వైపు చూసి ఇబ్బందిగా నవ్వాడు. "అన్న పోయినకాడికెంచి గిట్లనే పరేషానుంటది" అని వాళ్ళతో అన్నాడు. చక్రం సంగతి కంటే నన్ను ఎక్కువ మండించింది ఆ మాటే. నా కోపానికి కారణం తను కాదట, నా దుఃఖమట. తిరిగివ్వకుండా టేబుల్ మీద పెట్టుకున్న మా కారు తాళం తీసుకుని బయటికి వచ్చాను.

ఆ చక్రాన్ని ఊడదీసి, ఆటోలో వేసుకుని మేడ్చల్‌లో చక్రాలు బాగుచేసే షాపుకు తీసుకుపోయాను. షాపాయన చూసి, "ఇంట్ల మగవాళ్ళెవరన్న ఉంటె తోలమ్మా, వాళ్ళతోని మాట్లాడత" అన్నాడు.

"మగవాళ్ళు మాట్లాడే ఇది గిట్లయింది. నాతోనే మాట్లాడు" అన్నాను.

అతను బయటి నుంచే సిలికాన్ పూసిస్తానన్నాడు. ఒప్పుకోలేదు. విప్పి చేయాల్సిందేనన్నాను. ఇలాంటివి తను ఎక్కువ చేయలేదని నిజాయితీగానే ఒప్పుకున్నాడు. గాలి మొత్తం తీసి, టైరు ఊడదీసి, మూడు ముక్కలూ విడదీశాడు. ఇద్దరం కూర్చుని పాత సీలెంటు గీకేశాం. చుట్టూ కొత్త బోల్టులు వేయించాను. మా ఆయన పెట్టెలోంచి టార్క్ రెంచి తీసుకుపోయాను. ఒక్కో బోల్టు ఎంత బిగువుండాలో అంతవరకే బిగించి, అక్కడ క్లిక్‌మనే పాన అది. ఒకదాని తర్వాత దాని ఎదురుగా ఉన్నదాన్ని బిగిస్తూ పోయాం. సీలెంటు ఆరేదాకా చక్రాన్ని అక్కడే ఉంచి, తర్వాత పోయి గాలి పట్టించి, నీళ్ళ తొట్టిలో ముంచి చూశాం. ఒక్క బుడగ కూడా రాలేదు.

మిగతా మూడు చక్రాల అంచులు పాలిష్‌తో చాలావరకు తేరుకున్నాయి. ముందు చక్రం గుంతలు మాత్రం పోలేదు. అలాంటి అంచు ఇప్పుడు దొరకడం లేదట. అలాగే తిప్పుతున్నాను.

తర్వాత కొన్నాళ్ళకు ఎవరో నాయకుడి ఊరేగింపు ఉందని మరిది మళ్ళీ వచ్చాడు. నన్ను దాటుకుని వంటింట్లోకి పోయి, "అమ్మా, కారు తాళమియ్యి" అన్నాడు. నేను లేచేలోపే మా అత్త గొంతు వినిపించింది.

"నాదగ్గర లేదు. అయినా కారు మీ వదినెది. ఆమెను అడుగు."

అతను బయటికి వచ్చి నావైపు చూశాడు. అడగలేదు. అడగడం చిన్నతనమనుకున్నాడేమో, ఫోన్ చెవికి పెట్టుకుని ఇంకెవరి బండో మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు. మా అత్త ఆ రోజు నాకు క్షమాపణ చెప్పలేదు, నేనూ ఎదురుచూడలేదు. అన్నం పెడుతూ, "గా బోల్టులు నిజంగనే ఊడిపోతుండెనా?" అని మాత్రం అడిగింది. ఊడిపోయేవేనన్నాను. ఆమె ఇంకో గరిటె కూర వడ్డించింది.