ఏడిళ్ల లంక మీద పొగ

దయ్యాలంటే నాకు నవ్వొస్తుంది. ముందే చెప్పేస్తున్నా, చదివాక నన్ను పిచ్చిదాన్ని చేయొద్దు. పుట్టింది గొల్లపల్లిలో. పద్నాలుగేళ్లుగా శబరి ఒడ్డున నర్సు పని. కాన్పులు చేశాను, పాముకాట్లకు సూదులు వేశాను, శవం పక్కన కూర్చుని డబ్బా విప్పి అన్నం తిన్న రోజులూ ఉన్నాయి. ఒక్క దయ్యమూ వచ్చి నన్ను పలకరించలేదు. దయ్యం పట్టిందని మా దగ్గరికి తెచ్చినవాళ్లలో సగం మందికి మలేరియా, మిగతా సగానికి ఒంట్లో రక్తం లేదు.

ఇప్పటికీ నా మాట అదే. కానీ ఈ ఒక్క సంగతి మాత్రం నాకు మింగుడుపడదు.

మా ఆరోగ్య కేంద్రానికి ఎదురుగా నది మధ్యలో ఒక లంక ఉంది. మేం ఏడిళ్ల లంక అంటాం. రోకలి పడుకోబెట్టినట్టు పొడుగ్గా ఉంటుంది. ఎగువ కొసన బండలు, దిగువ కొసన ఇసుక, నడుమ పల్లం. ఆరిళ్లు ఎగువన, ఒక్క ఇల్లు మాత్రం దిగువన తాటిచెట్ల దగ్గర. వానాకాలం ఆ పల్లంలో నీళ్లు పారి లంక రెండు ముక్కలవుతుంది. కరెంటు లేదు, బావి లేదు. మొక్కజొన్న, కందులు, కోళ్లు, చేపలు, జీలుగు కల్లు, ఇదీ వాళ్ల బతుకు. తమలో తాము తమ గూడెం భాష దోర్లి మాట్లాడుకుంటారు, మాతో తెలుగు, మాది హిందీ రాష్ట్రం కాబట్టి రాశన్ దుకాణంలో హిందీ. బయటికి రావాలంటే దోనె ఒక్కటే దిక్కు.

కింద గోదారి పోటెత్తితే మా శబరి వెనక్కి తంతుంది. అప్పుడు దోనె నడవదు. ఫోన్లకు చార్జింగు ఉండదు. అందుకని వాళ్లకు తాతలనాటి పద్ధతి ఒకటుంది. మిట్టమధ్యాహ్నం ప్రతి ఇంట్లో పొయ్యిలో పచ్చాకు వేసి పొగ లేపుతారు. ఏడు పొగలు లేస్తే అందరూ బాగున్నట్టు. ఏ ఒక్క ఇంట్లో పొగ లేవకపోయినా మిగతా ఆరిళ్ల వాళ్లూ తమ పొయ్యిలు ఆర్పేయాలి. ఒక్క పొగ తగ్గితే ఒడ్డున ఉన్నవాళ్లం పొరపడొచ్చు. అసలు పొగే లేకపోతే గుడ్డివాడికైనా తెలుస్తుంది. పొగ లేదంటే ఎలాగైనా రండి అని అర్థం.

దిగువ కొసనున్న ఆ ఒంటరి ఇల్లు దేవా, సుక్కిలది. ఇద్దరికీ పాతికేళ్లు దాటవు. ఆ ఏడాది సుక్కికి ఎనిమిదో నెల. వానలు ముదరకముందే ఒడ్డుకొచ్చి మా దగ్గర ఉండమని చెప్పాను. "కంది విత్తనం పడినంక వస్త అక్కా, ఒక్క వారం" అంది. సరే అన్నాను. ఆ సరే అన్న నోటిని ఇప్పటికీ తిట్టుకుంటాను.

ఒకరోజు దేవా రాశన్ బియ్యానికి ఒడ్డుకొచ్చాడు. మూట కట్టుకుని తిరిగి వెళ్లేలోపే నది పొంగింది. దోనె తాడు విప్పబోతే నలుగురం పట్టుకుని ఆపాం. ఆ రాత్రంతా మా వరండాలో బియ్యం మూట మీద కూర్చునే ఉన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ముసురు కాస్త తెరిపిచ్చింది. నేనూ, దేవా, ఆశ్రమ పాఠశాల గురూజీ, ముగ్గురం గట్టు మీద నిలబడి చూశాం. ఏడు పొగలు. ఎగువన ఆరు, దిగువన తాటిచెట్ల దగ్గర ఒకటి, సన్నగా, నిటారుగా. దేవా మూడుసార్లు లెక్కపెట్టాడు. "మా ఇంటిది అదిగో అక్కా" అని ఏడుస్తూ నవ్వాడు. ఆ పూట కడుపునిండా తిన్నాడు.

పొగలు చూసిన రెండోరోజు వరద పనికి మోటారు పడవ వచ్చింది. ఉన్నదల్లా అదొక్కటే. అందులో వచ్చినాయన గట్టు దగ్గర ఆపి అడిగాడు, లంకలో ఎమర్జెన్సీ ఏమైనా ఉందా, లేకపోతే కింది ఊళ్లో జనం చెట్లెక్కి కూర్చున్నారు, అటు పోవాలి అని. సరిగ్గా మిట్టమధ్యాహ్నం. మళ్లీ ఏడు పొగలు. బ్లాక్ ఆఫీసుకు పంపుదామని ఫోన్లో ఫోటో తీశాను. గర్భిణి ఉందని చెప్పాను, ఇంకా నెల టైముందనీ నేనే చెప్పాను. దేవా కూడా, "మంచిగనే ఉన్నది సార్, పొయ్యి వెలిగించింది చూడుర్రి" అన్నాడు. పడవ వెళ్లిపోయింది.

మూడోరోజు ఏడు. నాలుగోరోజు ఏడు.

అయిదోరోజు నీళ్లు తీశాయి. దేవా దోనె తోశాడు, మందుల సంచి పట్టుకుని నేనూ ఎక్కాను. లంక ఒడ్డున ఆరిళ్ల జనమూ నిలబడి ఉన్నారు. ఒక్కరూ చెయ్యి ఊపలేదు. దిగీ దిగగానే బుచ్చమ్మవ్వ మా మీద విరుచుకుపడింది. ఆ లంకలో పెద్ద ముసలామె, నన్ను ఎప్పుడూ బిడ్డా అని తప్ప పిలవదు.

"ఏందే, మీకు కండ్లు పోయినయా? నాలుగు దినాల సంది పొయ్యిలు ఆర్పుకొని కూసున్నం. పోరగాండ్లు పచ్చి మక్కలు నమిలి పండుకుంటున్నరు. ఒక్కడన్న రాకపాయె!"

నాకు అర్థం కాలేదు. పొగలు చూశాం కదా అవ్వా అన్నాను. ఆమె నా చెయ్యి పట్టి ఈడ్చుకుపోయి పొయ్యిలో పెట్టించింది. బూడిద చల్లగా ఉంది, తేమకు గడ్డ కట్టింది. పక్కింటి పొయ్యిలో కోడి పొదుగుతోంది. ఆరిళ్లూ తిరిగాను. ఎక్కడా నిప్పు ముట్టించిన ఆనవాలు లేదు. మొదటిరోజు మధ్యాహ్నమే సుక్కి ఇంట్లో పొగ లేవలేదట. వెంటనే అందరూ పొయ్యిలు ఆర్పేశారట. పల్లంలో నీళ్లు తాటి లోతున పారుతుంటే ఆమె దగ్గరికి పోలేక, మా కోసం ఒడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు.

దేవా ఇదంతా వినలేదు. అప్పటికే పల్లంలో నడుం లోతు నీళ్లలో పడి పరుగెత్తుతున్నాడు.

సుక్కి గోడ పక్కన చాప మీద ఉంది. నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది. అంతకంటే రాయలేను. పొయ్యి ఆమెకు నాలుగు అడుగుల దూరంలో ఉంది. పక్కనే ఎండు కట్టెలు, పచ్చాకు కట్ట, పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. అంతదూరం పాకలేకపోయింది తల్లి. మట్టిగోడ మీద, చెయ్యి అందినంత ఎత్తులో, గోటితో గీసిన గీతలు మూడు.

మూడు మధ్యాహ్నాలు. పడవ వచ్చింది రెండోనాడు. ఆ పడవ లంకకు పోయి ఉంటే ఏం జరిగేదో నర్సుగా నాకు తెలుసు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం.

ఆ ఫోటో ఇంకా నా ఫోన్లో ఉంది. పొగమంచు అయ్యుంటుంది అన్నారు మా డాక్టరు. ఫోటో చూపించాను. వేలు పెట్టి ఒక్కోటీ లెక్కపెట్టి, ఏడు అని ఫోన్ తిరిగి నా చేతిలో పెట్టేశారు. పొగమంచు ఏడు కప్పుల మీంచి ఏడు దారాల్లా లేస్తుందా? గురూజీ బదిలీ పెట్టుకుని జగదల్‌పూర్ వెళ్లిపోయాడు. పొయ్యి వెలగని ఇళ్ల మీద పొగ ఎవరు లేపారు? లేపితే లేపారు, అందరూ బాగున్నారని మాకెందుకు చెప్పాలి? మమ్మల్ని రానివ్వకుండా ఆపాల్సిన అవసరం దేనికొచ్చింది?

ఆ చలికాలమే ఆరిళ్ల వాళ్లూ కప్పులు విప్పుకుని ఒడ్డుకొచ్చేశారు. ఇప్పుడు లంకలో మనిషన్నవాడు లేడు. దేవా మా కేంద్రం పక్కనే గుడిసె వేసుకున్నాడు. మళ్లీ పెళ్లి చేసుకోరా అంటే వినడు. రోజూ మిట్టమధ్యాహ్నం బయటికొచ్చి, నదికి వీపు పెట్టి నిలబడి అడుగుతాడు.

"అక్కా, ఎన్ని?"

"ఒక్కటి కూడా లేదు తమ్మీ, పోయి బువ్వ తిను" అంటాను.

ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా తల ఎత్తి అటు చూసి చెప్పలేదు.